ఆపరేషన్ అయిన మర్నాడే నడక: మంచం దిగడం దగ్గర్నుంచి సెల్లార్‌లో రౌండ్ల దాకా

మా అమ్మకి పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున ఎనిమిదింటికే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. "లేద్దామా అమ్మా?" అంది. అమ్మ ఆ అమ్మాయిని కాదు, నన్ను చూసింది. "కోసిన కడుపు కొడుకా, ఇప్పుడే లేవమంటరేంది?" సూర్యాపేట నుంచి వచ్చిన మా పెద్దమ్మయితే మంచానికి అడ్డంగా నిలబడింది. పచ్చి పుండు, కుట్లు ఊడితే ఎవరిది పూచీ అని. నిజం చెప్పాలంటే నేనూ పెద్దమ్మ పక్షమే. ఆ పూట అమ్మ లేవలేదు. సాయంత్రమూ లేవలేదు. మూడో రోజుకి కఫం గొంతులో గరగరలాడడం మొదలైంది, కొద్దిగా జ్వరం తగిలింది, పొట్ట ఉబ్బింది. అప్పుడు రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు అమ్మని ఏమీ అనలేదు. మమ్మల్ని బయటికి పిలిచి, "ఆమెని పడుకోబెడుతున్నది మీరే" అన్నారు.

అక్కణ్ణుంచి నేర్చుకున్నదే ఇది. తర్వాత మా ఇంట్లోనే ఇంకో ఆపరేషన్ జరిగింది, మా అత్తయ్యకి రొమ్ము క్యాన్సర్‌ది. అప్పుడు ఈ తప్పు చేయలేదు. రేపో మాపో మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ ఉంటే, పేషెంటు కంటే ముందు పక్కన కుర్చీలో కూర్చునే మీరు చదవండి.

ముందు భయం సంగతి తేల్చుకోండి

బలం వచ్చాక నడుద్దాం అనుకుంటాం. లెక్క తిరగబడింది అక్కడే. మంచంలో ఉన్న ప్రతి రోజూ కాళ్ళ కండ కరుగుతుంది, అరవై దాటినవాళ్ళలో ఇంకా వేగంగా. వెల్లకిలా పడుకుంటే ఊపిరితిత్తుల కింది భాగాలు పూర్తిగా తెరుచుకోవు, కఫం అక్కడే చేరి నిమోనియాకి దారి తీస్తుంది. అన్నిటికంటే ప్రమాదం కాళ్ళలో రక్తం గడ్డకట్టడం. నడిచేటప్పుడు పిక్క కండరం పిండినట్టుగా పనిచేసి రక్తాన్ని గుండె వైపు పైకి తోస్తుంది. పడుకుంటే ఆ పని ఆగిపోతుంది. క్యాన్సర్ ఉన్నవాళ్ళకి రక్తం గడ్డకట్టే గుణం మామూలుగానే ఎక్కువ, ఆపైన ఆపరేషన్. పిక్కలో కట్టిన గడ్డ ఊడి ఊపిరితిత్తులకి చేరితే ప్రాణం మీదికి వస్తుంది. పొట్టలో పెద్ద క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్ళకి బొడ్డు పక్కన రోజూ ఒక ఇంజెక్షన్ పొడుస్తారు చూడండి, అది రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేదే. కొందరికి ఇంటికెళ్ళాక కూడా, మొత్తం నాలుగు వారాల దాకా రాస్తారు. నడుస్తున్నాం కదా అని ఆ ఇంజెక్షన్ మానేయకూడదు. ఇంజెక్షన్ ఉంది కదా అని నడక మానేయడమూ అంతే తప్పు.

ఇక కుట్లు. పైకి కనిపించే కుట్టు ఒక్కటే కాదు, లోపల పొట్ట గోడని గట్టి దారంతో విడిగా కుట్టి ఉంచుతారు. దగ్గినప్పుడు, విరేచనానికి ముక్కినప్పుడు ఆ కుట్టు మీద పడే ఒత్తిడి నెమ్మదిగా నడిచేటప్పటి కంటే చాలా ఎక్కువ. దగ్గుకే తట్టుకున్న కుట్టు పది అడుగులకి తెగదు. ఈ మాట మా పెద్దమ్మకి నేను చెప్తే వినలేదు, డాక్టరు చెప్తే విన్నది. అందుకని మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే రౌండ్స్ టైముకి వాళ్ళని వార్డులోనే ఉంచండి, వాళ్ళ ఎదుటే డాక్టర్ని అడగండి. సగం పని అయిపోతుంది.

ఇదేదో ఇప్పుడొచ్చిన ఫ్యాషన్ కూడా కాదు. 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ ఒక పద్ధతిని ముందుకు తెచ్చారు: నొప్పిని బాగా తగ్గించు, త్వరగా తినిపించు, త్వరగా నడిపించు, మూడూ కలిపి చెయ్యి అని. ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఆపరేషన్ తర్వాతి సంరక్షణ ఆ దారిలోనే నడుస్తోంది. పెద్దపేగు ఆపరేషన్లకి యూరప్ వైద్యులు రాసుకున్న పద్ధతిలో ఆపరేషన్ రోజే రెండు గంటలు, మర్నాటి నుంచి రోజుకి ఆరు గంటలు పేషెంటు మంచం బయట ఉండాలని మొదట్లో లక్ష్యం పెట్టుకున్నారు. మన వార్డుల రద్దీలో అన్ని గంటలు కుదరడం కష్టమే, కానీ ఇందులో పట్టుకోవాల్సిన మాట ఒకటుంది. వాళ్ళు "మంచం బయట" అన్నారు, "నడుస్తూ" అనలేదు. కుర్చీలో కూర్చున్నా లెక్కే.

ఆపరేషన్‌కి ముందు వారం

చాలామంది దీన్ని వదిలేస్తారు. జిల్లాల నుంచి రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో, పంజాగుట్టలోని నిమ్స్‌కో వచ్చి, పరీక్షలకీ రిపోర్టులకీ ఆరోగ్యశ్రీ కాగితాలకీ తిరుగుతూనే ఆపరేషన్ రోజు దాకా వచ్చేస్తారు. ఆ తిరుగుడులోనే మూడు పనులు నేర్పించండి. నొప్పి లేనప్పుడు నేర్చుకున్నది నొప్పిలో గుర్తుంటుంది.

ఒకటి, పక్కకి దొర్లి లేవడం. ఎలాగో కింద చెప్తాను. రెండు, మూడు బంతుల ఊపిరి యంత్రం. అందరూ చేసే తప్పు అమ్మ కూడా చేసింది. పొయ్యి దగ్గర ఊదుగొట్టం పట్టుకున్నట్టు దాన్ని ఊదింది. ఊదకూడదు, పీల్చాలి. ముందు ఊపిరంతా వదిలేసి, పైపు నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, గ్లాసులో మజ్జిగ స్ట్రాతో పీల్చినట్టు నిదానంగా లోపలికి లాగాలి. బంతి పైకి లేచాక రెండు మూడు సెకన్లు ఆపి వదలాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటకి పదిసార్లు. మూడు బంతులూ లేవాలని పంతం అక్కర్లేదు, ఒకటి లేచినా చాలు. మూడోది, బీడీ, సిగరెట్, గుట్కా ఉంటే ఆ రోజే ఆపించడం.

సంచిలో పెట్టుకోవాల్సినవి: వెనక పట్టీ ఉన్న, కింద గ్రిప్ ఉన్న చెప్పులు (హవాయి చెప్పులు వద్దు, మార్బుల్ మీద జారుతాయి). చీలమండ పైకి ఉండే నైటీ, నేలకి జీరాడేది కాదు. ఒక చిన్న గట్టి దిండు. ఒక పాత క్యాలెండర్, పెన్ను.

మొదటిసారి మంచం దిగడం

మొదటిసారి సిస్టర్ గానీ ఫిజియో గానీ లేకుండా లేపొద్దు. వాళ్ళని మూడు ప్రశ్నలడగండి: బీపీ ఎంతుంది? వెన్నులో నొప్పి మందు పైపు ఉంటే కాళ్ళకి తిమ్మిరి ఉందా? ఈ ఆపరేషన్‌కి నడకలో ఏమైనా అభ్యంతరం ఉందా? మూడో ప్రశ్న ముఖ్యం. దవడ క్యాన్సర్‌కి కాలి ఎముక తీసి దవడలో అమర్చినవాళ్ళుంటారు, వాళ్ళ కాలి మీద బరువు ఎప్పుడు వేయాలో సర్జనే చెప్పాలి. ఎముకల ఆపరేషన్లు, ఎముకలకి పాకిన క్యాన్సర్, చర్మం, కండ తెచ్చి అతికించినవి, ఇవన్నీ వేరే లెక్క. కొన్నిట్లో కొన్నాళ్ళు వంగి నడవమని డాక్టర్లే చెప్తారు. అలాంటి చోట ఇక్కడ రాసినది కాదు, వాళ్ళ మాటే పాటించండి.

నొప్పి మాత్ర టైముని నడక టైముతో కలపండి. మాత్ర వేసిన అరగంట, ముప్పావుగంట తర్వాత లేపితే ఆ మొదటి అడుగు తిట్టుకోకుండా పడుతుంది. "నొప్పి ఓర్చుకుంటాను, మాత్రలు ఎక్కువైతే మంచిది కాదు" అనేవాళ్ళు మన ఇళ్ళలో ఎక్కువ. ఓర్చుకున్నవాళ్ళు దగ్గరు, లోతుగా ఊపిరి తీయరు, కదలరు. ఓర్పు ఇక్కడ నష్టం. దగ్గినా పక్కకి తిరిగినా భరించగలిగేంతగా నొప్పి తగ్గకపోతే సిస్టర్‌కి చెప్పండి, మొహమాటపడొద్దు.

ఇప్పుడు లేపడం. ఒక్కొక్కటే, తొందర లేకుండా.

ముందు పడుకునే పాదాలు ఆడించమనండి. వేళ్ళు ముఖం వైపు లాగి, మళ్ళీ కిందికి, ఇరవై సార్లు. రక్తం కాస్త కదులుతుంది.

తర్వాత పైపులు లెక్కపెట్టండి. నిజంగానే లెక్కపెట్టండి, పైకే అనండి: సెలైన్ ఒకటి, యూరిన్ బ్యాగ్ రెండు, డ్రెయిన్ (ఆపరేషన్ చోట చేరే రక్తం, నీరు బయటికి తెచ్చే గొట్టం) మూడు, ఆక్సిజన్ నాలుగు. అమ్మ మొదటిసారి లేచినప్పుడు నేను మూడే చూసుకున్నాను. నాలుగోది మంచం కమ్మీకి చుట్టుకుని ఉంది. ఒక్కసారి లాగినట్టయ్యి అమ్మ కెవ్వుమంది. అదృష్టం, పైపు ఊడలేదు. యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి, పైకెత్తితే మూత్రం వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ వస్తుంది. డ్రెయిన్ డబ్బాని నైటీకి పిన్నీసుతో గుచ్చి వేలాడకుండా చూడండి. ఛాతీ ఆపరేషన్ అయితే నీళ్ళ సీసా ఉంటుంది. అది ఛాతీ కంటే కిందే, నిటారుగా ఉండాలి. దాని పైపుని మీ అంతట మీరు క్లిప్పు పెట్టి మూయొద్దు.

మోకాళ్ళు మడవమనండి. భుజం, నడుము, మోకాళ్ళు, అన్నీ ఒకేసారి, చాప చుట్టినట్టు, ఏ వైపు దిగాలో ఆ వైపుకి దొర్లాలి. దిండు పొట్టకి అదిమి పట్టుకోవాలి. ఇప్పుడు కాళ్ళు మంచం అంచు నుంచి కిందికి వదులుతూ, అదే క్షణంలో కింది మోచేత్తో, పై అరచేత్తో పరుపుని తోసుకుంటూ లేవాలి. పొట్ట బలంతో కాదు, చేతుల బలంతో. వెల్లకిలా నుంచి నేరుగా లేవబోతే నొప్పి ప్రాణం తోడేస్తుంది. చెయ్యి పట్టుకుని లాగి లేపడం మీ వంతు తప్పు. లాగొద్దు. వీపు వెనక చెయ్యి పెట్టి ఆసరా ఇవ్వండి, చాలు.

కూర్చున్నాక రెండు మూడు నిమిషాలు కూర్చోనివ్వండి. పాదాలు నేలకి ఆనాలి, లేకపోతే చిన్న స్టూలు వేయండి. మాట్లాడించండి. తల తిరుగుతోందా, కళ్ళు బైర్లు కమ్ముతున్నాయా, చెమట పడుతోందా? ముఖం తెల్లబోతే మారు మాట్లాడకుండా పడుకోబెట్టి సిస్టర్ని పిలవండి. ఓ గంటాగి మళ్ళీ చూడొచ్చు. షుగర్ ఉండి ఇన్సులిన్ తీసుకుంటున్నవాళ్ళయితే, సరిగ్గా తినని రోజుల్లో, ఈ చెమట షుగర్ పడిపోయిందన్న గుర్తు కూడా కావచ్చు. గ్లూకోమీటర్ పెట్టి చూడమనండి.

నిలబడ్డాక మంచం పక్కనే పది సెకన్లు ఆగాలి. అందరూ కుట్టు దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకి వంగిపోతారు. అలా వంగితే నడుమూ పట్టేస్తుంది, ఊపిరీ ఆడదు. "ఎదురుగా ఆ గోడ గడియారం చూడు" అనండి. తల లేస్తే నడుము దానంతటదే నిలబడుతుంది. అమ్మ సెలైన్ స్టాండుని రోకలి పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది. మంచం నుంచి తలుపు దాకా పదకొండు అడుగులు. వెనక్కి పదకొండు. నేను ఒక పక్క, ఫిజియో ఒక పక్క. పెద్దమ్మ వెనకాల ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకుని వచ్చింది, నిజానికి ఆ కుర్చీయే తెలివైన పని. ఎక్కడైనా కాళ్ళు వణికితే వెంటనే కింద పెట్టొచ్చు. పడిపోబోతే పైకి ఎత్తి ఆపాలని చూడకండి, మీ ఒంటికి ఆనించుకుని మెల్లగా కుర్చీలోకో నేలమీదికో దింపండి.

వార్డులో మిగతా రోజులు

నేను తప్పుగా అనుకున్నది ఇంకొకటుంది. ఎంత దూరం నడిచిందీ అని లెక్కపెట్టాను. ఫిజియో అమ్మాయి చెప్పింది, ఎన్నిసార్లు లేచిందో రాయండి అని. పొద్దున ఒకేసారి కారిడార్ చివర దాకా నడిచి, మిగతా రోజంతా పడుకుంటే లాభం తక్కువ. ఐదు నిమిషాల చొప్పున ఆరుసార్లు లేస్తే పిక్కలూ ఊపిరితిత్తులూ రోజంతా పనిలో ఉంటాయి. క్యాలెండర్ అందుకే. లేచిన ప్రతిసారీ ఒక గీత. అమ్మకి అక్షరాలు రావు గానీ గీతలు లెక్కపెట్టుకునేది. సాయంత్రానికి నాలుగే ఉంటే తనే "ఇంకోటి గీద్దాం" అనేది.

మామూలుగా పొట్ట ఆపరేషన్ అయినవాళ్ళకి వరస ఇలా ఉంటుంది. ఆపరేషన్ సాయంత్రం మంచం అంచున కూర్చోవడం, వీలైతే కుర్చీలోకి. మర్నాడు తలుపు దాకా రెండు మూడుసార్లు, టిఫినూ భోజనమూ కుర్చీలోనే. రెండో రోజు నుంచి కారిడార్, నాలుగైదుసార్లు. ఆ తర్వాత రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవడమే. ఒక రోజు వెనకబడినా కంగారు వద్దు. వరసగా రెండు రోజులు వెనకబడితే మాత్రం ఎందుకో డాక్టర్ని అడగండి. నొప్పా, రక్తం తక్కువైందా, ఇన్ఫెక్షనా, లేక దిగులా? దిగులు కూడా కారణమే, దాన్ని బద్ధకం అని తిట్టకండి.

తినడమూ, చదవడమూ, ఫోన్లో సీరియల్ చూడడమూ కుర్చీకి మార్చేయండి. పలకరింపుకి వచ్చినవాళ్ళని కూడా వాడుకోండి. బత్తాయిలు పట్టుకొచ్చి మంచం చుట్టూ కూర్చుని ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చిందో కథలు చెప్పే బదులు, "పిన్నీ, అమ్మతో కారిడార్‌లో ఒక రౌండ్ వెయ్యి" అనండి. ఒప్పుకుంటే సహాయం. ఒప్పుకోకపోతే తొందరగా వెళ్ళిపోతారు, అదీ సహాయమే.

గ్యాస్ సంగతి సిగ్గుపడకుండా మాట్లాడుకోవాలి. పొట్ట ఆపరేషన్ తర్వాత పేగులు కొంతకాలం మొద్దుబారి ఉంటాయి. పెద్దపేగు మేలుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. రోజూ సిస్టర్ "గ్యాస్ పోయిందా అమ్మా?" అని అడిగితే అమ్మ దుప్పటి ముఖం మీదికి లాక్కునేది. నాలుగో రోజు పొద్దున కారిడార్‌లో నడుస్తుంటే పోయింది. వార్డులో అంత సంబరం నేను మళ్ళీ చూడలేదు. నడక ఒక్కదానితోనే పేగులు కదులుతాయని కాదు. నిద్ర తెప్పించే గట్టి నొప్పి మందులు తగ్గడం, నోటి ద్వారా కొద్దికొద్దిగా తినడం, ఇవన్నీ కలిస్తేనే. కానీ మీ చేతిలో ఉన్నది నడకే.

రొమ్ము ఆపరేషన్ అయినవాళ్ళ కాళ్ళకి ఏమీ కాలేదు, మర్నాడే మామూలుగా నడవొచ్చు. అక్కడ జాగ్రత్త చేతికి. మా అత్తయ్య చెయ్యిని రెక్క విరిగిన పక్షిలా ఒంటికి అతికించుకుని తిరిగింది. అలా వదిలేస్తే భుజం బిగుసుకుపోతుంది, తర్వాత రేడియేషన్ మెషీన్ మీద చెయ్యి పైకెత్తి పడుకోవడం కుదరదు. మొదటి రోజు నుంచే పిడికిలి మూసి తెరవడం, మోచెయ్యి మడవడం, భుజాలు గుండ్రంగా తిప్పడం, ఆ చేత్తోనే జడ చివర్లు దువ్వుకోవడం చేయించండి. భుజం ఎత్తు దాటి పైకి లేపడం, గోడ మీద వేళ్ళతో పాకించడం లాంటివి డ్రెయిన్ తీశాక, సర్జన్ సరే అన్నాకే.

ఇంటికి వెళ్ళే రోజు

కారులో సీటు బెల్టుకీ పొట్టకీ మధ్య ఆ చిన్న దిండు పెట్టండి. మన గల్లీల్లో స్పీడ్ బ్రేకర్ల లెక్క దేవుడికే తెలియాలి, ముందు వచ్చేదాన్ని గమనించి చెప్తే తను దిండు అదుముకుంటుంది. ఆటో అయితే డ్రైవరన్నకి ఎక్కేటప్పుడే చెప్పండి, ఆపరేషన్ అయిన మనిషి ఉందని. బండి వెనక కూర్చోబెట్టడం మాత్రం డాక్టరు ఒప్పుకునేదాకా వద్దు. సూర్యాపేటో నల్గొండో వెళ్ళాలంటే గంటకోసారి బండి ఆపి ఐదు నిమిషాలు నడిపించండి. కూర్చున్నంతసేపూ పాదాలు ఆడిస్తూ ఉండాలి.

మేముండేది మలక్‌పేటలో, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. మెట్లు ఎక్కకూడదేమో అని కింది పోర్షన్ వాళ్ళని ఒక గది అడుగుదామనుకున్నాం. డాక్టరు నవ్వి, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టుకుంటూ, అంతస్తుకోసారి కుర్చీ వేసుకుని కూర్చుంటూ ఎక్కించమన్నారు. ఇరవై నిమిషాలు పట్టింది. ఇంటికెళ్ళేముందు ఆసుపత్రి మెట్ల మీద ఒక అంతస్తు ఫిజియోతో ఎక్కించి చూసుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

ఇంట్లో మొదటి ఆరు వారాలు

ఇల్లు తుడిచిన గంటలోపు నడక వద్దు. తడి మార్బుల్ అన్నిటికంటే పెద్ద శత్రువు. బాత్రూంలో జారని మ్యాట్, రాత్రి వెలిగే చిన్న లైటు, దారిలో డోర్‌మ్యాట్లూ చార్జర్ వైర్లూ తీసేయడం, అంతే. ఇండియన్ టాయిలెట్ ఉంటే పైన పెట్టుకునే కమోడ్ కుర్చీ కొన్నాళ్ళకి అద్దెకైనా తెచ్చుకోండి.

మొదటి వారం ఇంట్లోనే, హాలు నుంచి బాల్కనీకి, గంటన్నరకోసారి. రెండో వారం అపార్ట్‌మెంట్ కారిడార్. తర్వాత సెల్లార్. నన్నడిగితే హైదరాబాద్‌లో ఆపరేషన్ అయినవాళ్ళకి సెల్లార్‌ని మించిన వాకింగ్ ట్రాక్ లేదు. నీడ ఉంటుంది, చదునుగా ఉంటుంది, కుక్కలు తక్కువ, అలిసిపోతే వాచ్‌మన్ కుర్చీ ఉంటుంది. పార్కుకి తీసుకెళ్ళాలన్న ఉబలాటం ఆగనివ్వండి. ఎండాకాలమైతే పొద్దున ఏడు లోపల, లేదా సాయంత్రం ఆరున్నర దాటాక. పొద్దున కార్లు తీసే టైము మాత్రం చూసుకోండి.

వేగం ఎంత? పక్కన నడుస్తూ మాట్లాడించండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అది సరైన వేగం. ఊపిరికోసం మాట మధ్యలో ఆగిపోతుంటే తగ్గించండి. ఈ రోజు నడక వల్ల రేపు మంచం దిగలేకపోతే ఈ రోజు ఎక్కువైనట్టు. ఐదు నిమిషాలతో మొదలుపెట్టి, రెండు మూడు రోజులకోసారి రెండేసి నిమిషాలు పెంచితే నెల తిరిగేసరికి ఇరవై నిమిషాలు దాటుతుంది.

నడక వచ్చేసిందంటే మనవాళ్ళు వెంటనే పని మొదలుపెడతారు. అది వేరు, ఇది వేరు. పొట్ట ఆపరేషన్ తర్వాత ఆరు వారాల దాకా నాలుగైదు కిలోల కంటే బరువెత్తకూడదని మామూలుగా చెప్తారు. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్, బియ్యం సంచి, తడి బట్టల బకెట్, చంకెక్కుతానని చేతులు చాచే మనవడు, ఏదీ వద్దు. మనవడి విషయంలో అమ్మ మాట వినలేదు. కుర్చీలో కూర్చోబెట్టి వాణ్ని ఒళ్ళో మేమే పెట్టాం, దిండు అడ్డం పెట్టి. పొట్ట మీద స్టోమా సంచి (పేగుని పొట్ట మీదికి తెచ్చి, మలం పడేలా అతికించేది) ఉన్నవాళ్ళు బరువుల విషయంలో ఇంకా జాగ్రత్త, పక్కన హెర్నియా వచ్చే అవకాశం వాళ్ళకి ఎక్కువ. నడకకి ముందు సంచి ఖాళీ చేసుకుంటే హాయిగా నడవొచ్చు. నడుము బెల్టు కట్టాలా వద్దా అన్నది సర్జన్ని అడగండి, మెడికల్ షాపతన్ని కాదు.

నడక ఆపి, ఫోన్ చేయాల్సిన సందర్భాలు

ఒక కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి. ఆ పిక్కని నూనె పెట్టి మర్దన చేయకండి, ఇది మరీ మరీ చెప్తున్నాను. ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో పోటు, దగ్గితే రక్తం, స్పృహ తప్పడం, వీటిలో ఏది కనిపించినా 108కి చేయండి, క్యాబ్ కోసం చూడొద్దు. 101 డిగ్రీల జ్వరం, కుట్టు దగ్గర ఎరుపు, చీము, కుట్టు విచ్చుకోవడం, డ్రెయిన్‌లో ఉన్నట్టుండి ఎర్రటి రక్తం ఎక్కువ రావడం, పొట్ట ఉబ్బి వాంతులు కావడం, ఇవైతే వార్డు నంబరుకి వెంటనే ఫోన్. ఆ నంబరు డిశ్చార్జ్ కాగితం మీదే ఉంటుంది, దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించండి.

మొదటి ఓపీకి వెళ్ళేటప్పుడు

క్యాలెండర్ తీసుకెళ్ళండి. ఆ గీతల వల్ల ఇంకో లాభం కూడా ఉందని మాకు అక్కడే తెలిసింది. బయాప్సీ రిపోర్టు చూసి కీమో ఇవ్వాలా, ఎంత గట్టిది ఇవ్వాలా అని నిర్ణయించేటప్పుడు డాక్టర్లు మనిషి ఎంత చురుగ్గా ఉన్నారో కూడా చూస్తారు. దానికి ఈకాగ్ అని ఒక స్కేలుంది. సున్నా అంటే మునుపటిలాగే అన్ని పనులూ చేసుకునే మనిషి. మెలకువగా ఉన్న సమయంలో సగానికి పైగా మంచంలోనో కుర్చీలోనో గడిచిపోతే మూడు. నాలుగంటే పూర్తిగా మంచానికే. అంకె పెరిగేకొద్దీ కీమో తట్టుకోవడం కష్టం, ఇవ్వడానికి డాక్టర్లూ వెనకాడతారు. పెద్దపేగు క్యాన్సర్‌లో కీమో కావాలంటే ఆపరేషన్ తర్వాత ఎనిమిది వారాల లోపల మొదలుపెట్టాలని చూస్తారు. అంటే ఈ ఆరు వారాల నడక ఆ చికిత్సకి చేసుకున్న సిద్ధం కూడా.

ఓపీలో రద్దీ ఉంటుంది, రెండు మూడు గంటలు కూర్చోవాలి. అరగంటకోసారి లేపి నాలుగు అడుగులు వేయించండి. దూరం ఎక్కువైతే చక్రాల కుర్చీ తీసుకోండి, తప్పేం లేదు. డాక్టర్ గది తలుపు దగ్గరికి వచ్చాక మాత్రం కుర్చీ పక్కన పెట్టి, నడవగలిగితే నడిచే లోపలికి వెళ్ళనివ్వండి. అమ్మ అలాగే వెళ్ళింది. డాక్టరు రిపోర్టు తెరవకముందే తలుపు నుంచి స్టూలు దాకా ఆమె నడకనే చూశారు. "నడుస్తున్నారుగా" అని, తర్వాత ఫైలు కోసం చెయ్యి చాచారు.

ఫైలు మీరే పట్టుకోండి. తన చేతులు ఖాళీగా ఉండాలి.